విలువకు పాఠరూపము: ఇంటర్‌ప్రెటరు అనుబంధములలో రూపనిర్దేశ విచారము

భాషాసాహిత్య పరిశోధనకు నేడు కంప్యూటరు ప్రోగ్రాములు సాధనములైనవి. పదసూచికలు, పాఠాంతర పట్టికలు, నిఘంటువుల ఆరోపముల వరుసలు పెక్కు వాటి మూలముననే సిద్ధమగుచున్నవి. ప్రోగ్రాము వెలువరించిన పట్టికనో, దోషసూచననో చూచి పండితుడు మూలపాఠమును దిద్దును. ఆ సూచన తప్పుగా చెప్పినచో దిద్దుబాటు తప్పుచోట జరుగును. సరిగానున్న పాఠము చెడును, చెడిన పాఠము నిలిచిపోవును. కావున ప్రోగ్రాము తనలోని విలువను అక్షరములుగా మార్చి చూపు పద్ధతి యంత్రజ్ఞులకు మాత్రమే విడువదగినది కాదు. అది పాఠపరిష్కర్తకును విచారణీయమైన విషయము.

ఈ మార్పు ఇంటర్‌ప్రెటరు భాషలో జరిగినపుడు చిక్కు తక్కువ. ఆ భాషకు అనుబంధముగ సీ భాషలో వ్రాసిన భాగములలో జరిగినపుడు చిక్కులు పెక్కు. ఆ చిక్కుల స్వరూపమును, వాటి పరిహారమును ఈ వ్యాసము విచారించును. ముఖ్యోదాహరణము 1991 లో గైడో వాన్ రోసమ్ తొలుత వెలువరించిన పైథాన్ భాష. పోల్చిచూచుటకు 1993 లో బ్రెజిల్ దేశమున పుట్టిన లువా భాషయు, 1995 లో జపాన్ దేశమున వెలువడిన రూబీ భాషయు గ్రహింపబడినవి.

1. ఇంటర్‌ప్రెటరు - అనుబంధము

మనుష్యుడు వ్రాసిన ప్రోగ్రామును వాక్యము వెంట వాక్యముగ గ్రహించి నెరవేర్చు యంత్రాంగమునకు ఇంటర్‌ప్రెటరు అని పేరు. పైథాన్ ఇంటర్‌ప్రెటరు సీ భాషలోనే నిర్మింపబడినది. వేగము కావలసిన పనులను, అనగా లక్షల పదములను వెదకుట, వరుసపెట్టుట మున్నగువానిని, నేరుగా సీ భాషలో వ్రాసి ఇంటర్‌ప్రెటరునకు జతచేయవచ్చును. అట్లు జతచేసిన భాగమే అనుబంధము.

రెండు భాషలును విలువలను చూచు తీరు వేరు. పైథానులో ప్రతి విలువయు తన జాతిని తనతోనే మోయును. అది పూర్ణాంకమా, పదమా, జాబితాయా అనునది ఆ విలువనే అడిగి తెలిసికొనవచ్చును. సీ భాషలో నట్లు కాదు. అందు అనుబంధము చేతికి వచ్చునది ఆ విలువ మెమొరీలో నున్న చోటి చిరునామా మాత్రమే. చిరునామాను చూచి ఇంటిలో ఎవరున్నారో చెప్పలేనట్లే, దానిని బట్టి విలువ రూపమును చెప్పుటకు వీలులేదు. ఇంటి తలుపు తట్టి అడుగవలసినదే.

సీ భాషకు స్వంతమైన ముద్రణపద్ధతి మూసవాక్యముపై ఆధారపడినది. మూసవాక్యమున అక్కడక్కడ శాతపు గుర్తును, దాని వెంట ఒక రోమను అక్షరమును ఉంచుదురు. ఆ స్థానమున ఏ జాతి విలువ రావలెనో ఆ అక్షరము తెలుపును. చిన్న ఎస్ అనగా, చిరునామా మొదలుకొని సున్న బైటు వచ్చువరకు గల బైటుల వరుసను అక్షరములుగా చదువుమని యర్థము. ఆ స్థానమున పైథాన్ విలువ యొక్క చిరునామా నిచ్చినచో, ఆ విలువ లోపల నున్న లెక్కలను, ఇతర చిరునామాలను అక్షరములని భ్రమించి సీ భాష చదువబోవును. ఫలితము అర్థములేని గుర్తులైనను కావచ్చును, ప్రోగ్రాము కూలిపోవుటయైనను కావచ్చును. ఏదియు జరుగక కొంతకాలము సరిగానున్నట్లు తోచుట అన్నింటికంటె ప్రమాదకరము.

2. రెండు పాఠములు

విలువను అడుగవలెనన్నచో ఏమని అడుగవలెను? పైథాన్ ఇందుకు రెండు ప్రశ్నల నేర్పరచినది. మొదటిది ‘స్ట్ర్’: పాఠకునకు చూపదగిన రూపమేది? రెండవది ‘రెప్ర్’: పరీక్షకునకు చూపదగిన రూపమేది? రెండవ రూపమును మరల ప్రోగ్రాములో వ్రాసినచో సాధ్యమైనంతవరకు అదే విలువ పుట్టవలెనని ఆశయము. అది సాధ్యము కానిచోట కోణపు కుండలీకరణముల నడుమ విలువ జాతిని, గుర్తింపును తెలుపుట పరిపాటి.

ఈ భేదము భారతీయ భాషాపండితులకు క్రొత్త కాదు. వేదమునకు సంహితాపాఠము కలదు, పదపాఠము కలదు. మొదటిది ఉచ్చారణకు, వినికిడికి అనుకూలము. రెండవది సంధిచే మరుగుపడిన హద్దులను విప్పి చూపును. ప్రగృహ్య పదముల పిదప ‘ఇతి’ నుంచి వాటి స్వరూపమును గుర్తించును. పాణిని మొదటి అధ్యాయము మొదటి పాదము 68వ సూత్రమున, వ్యాకరణమున చెప్పిన శబ్దము సంజ్ఞ కానిచో తన రూపమునే తెలుపునని నియమించెను. శబ్దముచే అర్థమును చెప్పుట వేరు, శబ్దమునే చూపుట వేరు అను వివేకము దీనికి మూలము. తెలుగున ‘అని’ ఆ పనిని చేయును. “పైరు ఎండినది” అనుచోట పొలములోని పైరు. “పైరు అని వ్రాసినాడు” అనుచోట ఆ రెండక్షరముల మాట. రెప్ర్ రూపమునకు ఇరువైపుల వచ్చు కొటేషన్ గుర్తులు ఈ ‘అని’ వంటివే.

ప్రయోజనము ఉదాహరణముచే స్పష్టమగును. ఒక పదసూచికలో పుటసంఖ్య 108 కొన్నిచోట్ల అంకెగాను, కొన్నిచోట్ల మూడు గుర్తుల మాటగాను చేరినదనుకొందము. స్ట్ర్ రూపమున రెండును 108 అనియే కనబడును. రెప్ర్ రూపమున రెండవది ‘108’ అని గుర్తుల నడుమ కనబడును. ఈ భేదము స్వల్పము కాదు. అంకెల వరుసలో 12 ముందు, 108 తరువాత. మాటల వరుసలో రెండవ గుర్తులను పోల్చుటచే 108 ముందు, 12 తరువాత. సూచిక వరుస చెడినపుడు కారణమును చూపగలది రెప్ర్ రూపమే.

అట్లే ‘పైరు’ అను ఆరోపమునకు చివర ఒక ఖాళీ పొరపాటున చేరినచో, “ఆరోపము పైరు సూచికలో లేదు” అను సూచన పండితుని కలతపెట్టును. కన్నులకు సూచికలో పైరు కనబడుచునే యున్నది. అదే సూచన ‘పైరు ’ అని గుర్తుల నడుమ ఖాళీతో సహా చూపినచో దోషము తనంత తానే బయటపడును. పైథానులో నిఘంటురూప పట్టికయందు లేని పదమును వెదకినపుడు వచ్చు దోషసూచన రెప్ర్ రూపమునే వాడును. స్ట్ర్ రూపమును వాడినచో, వెదకిన పదము శూన్యమైనపుడు సూచనలో ఏమియు కనబడక పోవును గదా!

3. మూసవాక్యపు అక్షరములు

అనుబంధమునందు ఈ ప్రశ్నల నడుగుటకు రెండు మార్గములు కలవు. ‘పై-ఆబ్జెక్ట్-స్ట్ర్’, ‘పై-ఆబ్జెక్ట్-రెప్ర్’ అను పిలుపులచే ఒక్కొక్క విలువ పాఠమును తెప్పించుకొనుట మొదటిది. ‘పై-యూనికోడ్-ఫ్రమ్-ఫార్మాట్’ అను పిలుపునకు మూసవాక్యము నిచ్చి మొత్తము వాక్యమును ఒక్కమారుగ కట్టించుట రెండవది. దోషసూచనలను వెలువరించు ‘పై-ఎర్-ఫార్మాట్’ పిలుపును ఈ మూసవాక్యమునే స్వీకరించును.

ఈ మూసవాక్యము సీ భాషా మూసను పోలియుండును గాని అందు లేని అక్షరములు ఇందు కలవు. పెద్ద ఎస్ స్ట్ర్ రూపమును కోరును. పెద్ద ఆర్ రెప్ర్ రూపమును కోరును. పెద్ద ఏ రెప్ర్ రూపమునే కోరుచు, ఆస్కీ పరిధికి వెలుపలి ప్రతి గుర్తును దాని సంకేతసంఖ్యగ మార్చి చూపును. పెద్ద యు పైథాన్ పాఠవస్తువును ఉన్నదున్నట్లు చేర్చును. పెద్ద టీ విలువ జాతి యొక్క పూర్తి పేరును చేర్చును. ఇది 2024 లో వెలువడిన 3.13 సంచికలో చేరినది. చిన్న ఎస్ మాత్రము సీ భాషలో వలెనే బైటుల వరుసను కోరును. ఆ బైటులు యుటిఎఫ్-8 పద్ధతిలో నుండవలెను.

పెద్ద ఎస్‌కు, చిన్న ఎస్‌కు గల ఈ భేదమును ఏమరుట సామాన్యముగ జరుగు ప్రమాదము. వ్రాతలో ఒక్క అక్షరపు పరిమాణమే మారును. అర్థమున విలువనడుగుటకు, మెమొరీని తడవుటకు గల దూరము మారును. దశాంశసంఖ్యలకు ఈ మూసలో అక్షరము లేదు. అట్టి సంఖ్యను ముందుగా పైథాన్ వస్తువుగ మార్చి పెద్ద ఆర్ చేత చూపుట సులభమార్గము. సీ భాషా ముద్రణము దేశాచార నిర్ణయమును బట్టి దశాంశబిందువునకు బదులు కామా నుంచవచ్చును. పైథాన్ రూపము అట్లు మారదు.

4. కొలత దేనితో?

మూసవాక్యమున పొడవునకు హద్దును కూడ నిర్ణయింపవచ్చును. మహాకావ్య పాఠమంతయు ఒక దోషసూచనలో దొర్లకుండుటకు ఇది యవసరమే. కాని హద్దును దేనితో కొలువవలెను? తెలుగునకు సంబంధించినంతవరకు ఇదియే ప్రధానమైన ప్రశ్న.

‘తెలుగు’ అను మాటను గ్రహింపుడు. చదువరికి అది మూడక్షరములు. యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతములు: త, ఎత్వము, ల, ఉత్వము, గ, ఉత్వము. వాటి సంఖ్యలు వరుసగ 3108, 3142, 3122, 3137, 3095, 3137. యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైటులు కావలెను. త అను దానికి 224, 176, 164. కావున ఆ మాట 18 బైటులు. ఒకే మాటకు మూడు, ఆరు, పదునెనిమిది అను మూడు కొలతలు. ఆంగ్లపు మాటలకు సామాన్యముగ మూడు కొలతలును ఒక్కటియే. అందుచేత ఆంగ్లపాఠములతో పరీక్షించిన అనుబంధమున ఈ దోషము బయటపడదు.

పైథాన్ మూసవాక్యమున ఒకే హద్దు అక్షరమును బట్టి వేర్వేరు కొలతలను సూచించును. చిన్న ఎస్‌కు హద్దు బైటులలో. పెద్ద ఎస్, ఆర్, ఏ, యు అను వాటికి హద్దు యూనికోడ్ సంకేతములలో. చిన్న ఎస్‌కు పది అను హద్దు నిచ్చి ‘తెలుగు’ను పంపినచో తొమ్మిది బైటులకు ‘తెల’ వచ్చును. పదవ బైటు ఉత్వములోని మూడవ వంతు. దానికి అర్థము లేదు. పైథాన్ పూర్వపు సంచికలు ఆ తావున లోపసూచకమైన గుర్తు నుంచెడివి. ఇటీవలి సంచికలు ఆ తుంటను విడిచివేయును. రెండవ పద్ధతి చూచుటకు శుభ్రము. కాని కత్తిరింపు జరిగినదను సాక్ష్యము కూడ దానితో పోవును.

పైథాన్ మూలములలోనే జాతి పేరును చూపుటకు చిన్న ఎస్‌కు 200 హద్దుగ పెట్టుట చిరకాలపు ఆచారము. ఆంగ్లపు పేరునకు 200 బైటులు చాలును. దానిని చూచి, తెలుగు పాఠమును చూపుచోట కూడ అదే సంఖ్యను వాడినచో 66 సంకేతములు మాత్రమే నిలుచును, రెండు బైటులు శేషించును. ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు, పద్యమునకు 80. గుణింతపు గుర్తులను, వత్తులను విడిచి లెక్కించినను ఒక్క పద్యము ఆ హద్దులో ఇముడదు.

సంకేతములతో కొలిచినంతమాత్రమున చిక్కు తీరదు. ‘తెలుగు’నకు ఐదు సంకేతముల హద్దు పెట్టినచో ‘తెలుగ’ అగును. బైటు చెడలేదు, లోపసూచకము లేదు. కాని మాట మారినది. ‘రాష్ట్రము’ అను మాట తొమ్మిది సంకేతములు, 27 బైటులు, మూడక్షరములు. ఐదింటికి కత్తిరించినచో ‘రాష్ట’; ఆరింటికి ‘రాష్ట్’; ఏడింటికి ‘రాష్ట్ర’. ఈ మూడును చూచువానికి పాఠాంతరములని తోచినచో ఆశ్చర్యము లేదు. ప్రోగ్రాము కత్తెరకు పుట్టిన రూపమును లేఖకదోషమని భావించి పరిశోధకుడు కారణములు వెదకును.

అక్షరమును సంయుక్తముగ గుర్తించు నియమము యూనికోడ్ ప్రమాణమున కలదు. అయితే పూర్వనియమము ప్రకారము ‘ష్ట్ర’ మూడు తునకలుగ లెక్కకు వచ్చెడిది. 2023 నాటి 15.1 సంచికలో తెలుగు మున్నగు కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరములు ఒక్కటిగ నిలుచునట్లు నియమము చేరినది. అనుబంధము పాఠమును కత్తిరింపవలసి వచ్చినచో ఈ నియమమును పాటించు సాధనముచే ముందు కత్తిరించి, కత్తిరించినట్లు తెలుపు చుక్కలను చేర్చి, పిదప మూసవాక్యమునకు పంపుట యుక్తము. అది కుదరనిచోట పెద్ద ఆర్‌కు హద్దు పెట్టుట కొంత మేలు. అపుడు ముగింపు గుర్తు కూడ తెగిపోవును. తెరచిన గుర్తు మూయబడకుండుటచే పాఠము అసంపూర్ణమని చూచువాడు గ్రహించును. పెద్ద ఎస్‌కు ఆ సూచన లేదు.

వరుసల వెడల్పు విషయమును ఇట్టిదే. పది స్థానముల వెడల్పు కోరినచో ‘తెలుగు’నకు నాలుగు ఖాళీలు మాత్రమే చేరును, ఏలయన ఆరు సంకేతములు ఆరు స్థానములుగ లెక్కకు వచ్చినవి. కంటికి కనబడునవి మూడక్షరములే. పట్టిక గీతలు వంకరపోవును. పట్టికను సమముగ నుంచు పని మూసవాక్యమునకు అప్పగింపరాదు.

5. కనబడని భేదములు

రెప్ర్ రూపము పరీక్షకుని కొరకు పుట్టినదైనను అన్ని భేదములను చూపదు. పైథాన్ రెండవ తరమున అది ఆస్కీ కాని ప్రతి గుర్తును సంఖ్యగ మార్చెడిది. ‘తెలుగు’ అనుటకు ఆరు సంఖ్యల వరుస కనబడెడిది. భారతీయ భాషలవారికి అది చదువరాని రూపము. 2008 లో వెలువడిన మూడవ తరమున ముద్రింపదగిన గుర్తులన్నియు యథాతథముగ నిలుచునట్లు నియమము మారినది. సంఖ్యల రూపము కావలసినవారికి ‘ఆస్కీ’ అను మూడవ ప్రశ్న ఏర్పడినది. పెద్ద ఏ అడుగునది దానినే.

చదువుటకు కలిగిన ఈ సౌకర్యమునకు మూల్యము లేకపోలేదు. తెలుగున ఐత్వమునకు యూనికోడులో 3144 అను ఒకే సంకేతము కలదు. 3142 అను ఎత్వమును, 3158 అను ఐత్వపు చిహ్నమును వరుసగ వ్రాసినను అదే గుణింతము. ప్రమాణము ఈ రెండింటిని సమానములుగ ప్రకటించినది. కాని పైథాన్ పోలికలో అవి వేర్వేరు. ‘పైరు’ అను మాట ఒక రీతిని నాలుగు సంకేతములు, మరియొక రీతిని ఐదు. సూచికలో మొదటిది యుండి, వెదకుపాఠమున రెండవది యున్నచో “ఆరోపము ‘పైరు’ సూచికలో లేదు” అని దోషసూచన వచ్చును. ఖాళీ లేదు, గుర్తుల నడుమ మాట స్వచ్ఛముగ నున్నది, సూచికలోను అదే రూపమున కనబడుచున్నది. స్ట్ర్, రెప్ర్ రెండును ఇచట మూగలే. పెద్ద ఏ మాత్రమే నాలుగు సంఖ్యలకు, ఐదు సంఖ్యలకు గల భేదమును బయటపెట్టును. వెదకుటకు పూర్వము రెండు పాఠములను ఒకే సమీకృత రూపమునకు తెచ్చుట దీనికి సరియైన చికిత్స.

దీనికి విపరీతమైన విషయమొకటి కలదు. ‘రాజ్‌కుమార్’ వంటి మాటలలో పొల్లును, తరువాతి హల్లును కలియనీయకుండుటకు 8204 సంఖ్య గల అదృశ్య విభాజకము నుంచుదురు. స్ట్ర్ రూపమున అది కనబడదు. దాని పని మాత్రమే కనబడును. పైథాన్ దానిని ముద్రింపరాని గుర్తుగ భావించుటచే రెప్ర్ రూపమున దాని సంకేతము మాట మధ్య బయటపడును. పాఠకుని కొరకైన పుటలో అది యసహ్యము. లేఖనభేదములను పరీక్షించువానికి మిక్కిలి యుపకారి. కాబట్టి ఏ రూపము మేలని సామాన్యముగ నిర్ణయింపరాదు. ఎవరి కొరకు, ఏ సందేహమును తీర్చుటకు అని విచారించి నిర్ణయింపవలెను.

6. ఎరువు సొమ్ము - వైఫల్యము

విలువను అడిగి తెచ్చుకొన్న పాఠము కూడ ఒక పైథాన్ వస్తువే. ప్రతి వస్తువును ఎన్నిచోట్ల వాడుచున్నారను లెక్కను ఇంటర్‌ప్రెటరు ఉంచును. లెక్క సున్నయైనపుడు వస్తువు నశించును. పై-ఆబ్జెక్ట్-రెప్ర్ ఇచ్చిన పాఠమునకు అనుబంధము యజమాని. పని తీరినపుడు విడిచిపెట్టవలెను. విడువనిచో మెమొరీ కొలదికొలదిగ నిండును. లక్ష ఆరోపములను పరీక్షించుచోట ఇది అల్పదోషము కాదు.

ఆ పాఠమునుండి బైటుల వరుసను కోరు పిలుపు ‘పై-యూనికోడ్-యాజ్-యుటిఎఫ్8’. అది యిచ్చు చిరునామా ఎరువు సొమ్ము. బైటులు ఆ పాఠవస్తువు లోపలనే నిలిచియుండును. యజమాని పోయిన పిదప ఎరువు సొమ్ము నిలువదు. పాఠవస్తువును ముందు విడిచి, పిదప ఆ చిరునామాను ముద్రణకు పంపినచో పూర్వము తెలుగు మాట యున్నచోట ఏమున్నదో చెప్పజాలము. మూసవాక్యమున నేరుగా పెద్ద ఆర్ వాడినవారికి ఈ బాధ లేదు. తెచ్చుట, వాడుట, విడుచుట మూడును ఇంటర్‌ప్రెటరే నిర్వహించును.

అడిగినపుడు విలువ బదులు చెప్పకపోవచ్చును కూడ. రెప్ర్ రూపమును ఆ జాతిని నిర్మించినవాడు పైథాన్ భాషలో వ్రాసి యుండును. అందు దోషము పుట్టవచ్చును. అపుడు పిలుపు శూన్యచిరునామా నిచ్చును. దానిని పరీక్షింపక వాడుట కూలుటకు దారి. పై-ఎర్-ఫార్మాటు విషయమున ఒక విశేషము కలదు: దోషసూచనను కట్టుచుండగ విలువ రెప్ర్ విఫలమైనచో, చెప్పదలచిన దోషము పోయి, ఆ వైఫల్యమే దోషముగ వెలువడును. అందుచేత అవిశ్వసనీయమైన విలువలకు, లోపలి స్థితి ఇంకను పూర్తిగా ఏర్పడని విలువలకు జాతి పేరును మాత్రమే చూపుట క్షేమము. ఒక దోషము ఇదివరకే సూచింపబడియుండగ రెప్ర్ అడుగరాదు; ముందు దానిని ప్రక్కకు తీసి భద్రపరుపవలెను. ఇందుకు 2023 నాటి 3.12 సంచికలో ప్రత్యేకమైన పిలుపు చేరినది.

జాబితా తనను తానే లోపల చేర్చుకొన్నచో రెప్ర్ అంతులేక సాగవలెను. పైథాన్ అట్టి చోట మూడు చుక్కలతో ముగించును. అనుబంధమున నిర్మించు క్రొత్త జాతులకు ఈ రక్షణ తనంత రాదు. ప్రవేశించుట, వెలువడుట అను రెండు పిలుపులచే నిర్మాత దానిని కల్పింపవలెను. మరియు దీర్ఘమైన వెదకులాటలో అనుబంధము ఇంటర్‌ప్రెటరు తాళమును విడిచి యుండుట కలదు. తాళము మరల పొందకుండ ఏ విలువను అడుగరాదు. ప్రశ్న ఎంత చిన్నదైనను జవాబు చెప్పునది ఇంటర్‌ప్రెటరే గదా.

7. ఇతర భాషలతో పోలిక

లువా భాషలో పాఠము బైటుల వరుస మాత్రమే. ‘తెలుగు’ పొడవు 18 అనియే చెప్పును. సంకేతములను లెక్కించు ఉపకరణము 2015 నాటి 5.3 సంచికలో చేరినది. సీ అనుబంధమునుండి పాఠమును కోరు ‘లువా-టు-ల్-స్ట్రింగ్’ పిలుపునకు ఒక విచిత్ర లక్షణము కలదు. అడిగిన విలువ సంఖ్యయైనచో, పాఠమును ఇచ్చుటయే కాక ఆ స్థానముననున్న సంఖ్యనే పాఠముగ మార్చివేయును. పట్టికలోని ఆరోపములను వరుసగ నడచుచు ఒక్కొక్కదానిని ముద్రించుటకు దీనిని వాడినచో, ఆరోపము మారుటచే నడక దారి తప్పును. చదివిన మాత్రమున తాటియాకుపై వ్రాత మారినట్లు! పిదప వచ్చిన ‘లువా-ఎల్-టు-ల్-స్ట్రింగ్’ అట్లు చేయక క్రొత్త పాఠమును వేరుగ నుంచును. విలువ తన రూపమును తాను చెప్పుకొను పద్ధతిని కూడ మన్నించును.

రూబీ భాషలో ప్రతి పాఠమును తన లిపిసంకేత పద్ధతిని తనతో మోయును. సీ మూసవాక్యమున విలువకు ప్రత్యేక స్థానము కలదు. దానికి కూడిక గుర్తు చేర్చినచో పరీక్షకుని రూపము, చేర్చనిచో పాఠకుని రూపము వచ్చును. పైథాన్ రెండక్షరములచే చేసిన భేదమును రూబీ ఒక గుర్తుచే చేసినది. వేర్వేరు దేశములలో, వేర్వేరు రచయితలచే ఏర్పడిన రెండు భాషలును ఈ రెండు రూపములకు స్థానమిచ్చుట గమనింపదగినది.

8. ఉపసంహారము

పాఠరూపము విలువ కాదు. విలువ తన్ను గూర్చి ఇచ్చిన వాఙ్మూలము. ఈ సత్యము నుండి పై నియమములన్నియు పుట్టుచున్నవి. వాఙ్మూలమును విలువ నుండియే పొందవలెను, మెమొరీని చూచి ఊహింపరాదు. పట్టికలో పాఠకునకు పెద్ద ఎస్, దోషసూచనలో పరీక్షకునకు పెద్ద ఆర్, రూపములు ఒక్కటిగ తోచి పోలిక చెడుచోట పెద్ద ఏ యుక్తములు. కత్తిరింపును బైటులతో గాని, సంకేతములతో గాని గాక అక్షరములతో చేయవలెను, చేసినట్లు తెలుపవలెను. తెచ్చుకొన్న పాఠమును విడువవలెను, ఎరువు సొమ్మును యజమానితోనే ఉంచవలెను, జవాబు రానిచో మన్నింపవలెను.

అనుబంధమును వ్రాయువాడు సామాన్యముగ తెలుగు పండితుడు కాడు. దానిని వాడు పండితుడు సీ భాషను ఎరుగడు. ఇరువురి నడుమ నిలుచునది ఆ ఒక్క పంక్తి దోషసూచన. కావున పదసూచికలకు, నిఘంటువులకు ప్రోగ్రాములను సిద్ధము చేయించు శాఖలు పరీక్షాపాఠములలో ‘తెలుగు’, ‘రాష్ట్రము’, రెండు రీతుల ‘పైరు’, విభాజకముతో గూడిన ‘రాజ్‌కుమార్’, చివర ఖాళీ గల ఆరోపము, అంకెగాను మాటగాను 108, ఒక సంపూర్ణ పద్యము అను వాటిని తప్పక చేర్పింపవలెను. ఈ ఏడింటిని చెడక చూపగల అనుబంధమును నమ్మి మూలపాఠమును దిద్దవచ్చును. చూపలేని దాని సూచనను బట్టి కలమెత్తుటకు ముందు తాళపత్రమును మరియొకమారు చూచుట మేలు.